వేడంతాంగల్ కౌలు, ఊసుడేరి పక్షులు

పుదుచ్చేరి పట్టణమునకు పడమట సుమారు పది కిలోమీటర్ల దూరమున ఊసుడేరి యను పెద్ద చెరువు కలదు. అరవములో ‘ఏరి’ యనగా చెరువు. మన ఏరు వారికి ‘ఆరు’. ఉద్యోగముపై ఈ పట్టణమునకు క్రొత్తగా వచ్చిన తెలుగువారు పేరు విని అది నదియై యుండునని భ్రమపడుట కద్దు. నది కాదు గాని, వానలు బాగుగ కురిసిన యేట దాని ఆవలి గట్టు కంటికి ఆనదు. విస్తీర్ణము సుమారు 800 హెక్టార్లు. అందు దాదాపు సగము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమునకును, తక్కినది తమిళనాడులోని విళుపురము జిల్లాకును చెందినవి. నీటిపై గీత గీయుట ఎవ్వరికిని సాధ్యము కాకపోయినను, కాగితముపై గీత యున్నది. ఈ చెరువు కష్టములలో కొన్ని ఆ గీత మూలముననే పుట్టినవి.

2008లో పుదుచ్చేరి ప్రభుత్వము తన వంతు చెరువును, అనగా సుమారు 390 హెక్టార్లను, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద పక్షి సంరక్షణ కేంద్రముగ ప్రకటించెను. కొన్ని యేండ్ల పిమ్మట తమిళనాడు ప్రభుత్వమును తన వంతును అట్లే ప్రకటించెను. కేంద్రపాలిత ప్రాంతము మొత్తముమీద ఇట్టి కేంద్రము ఇదొక్కటియే. ప్రకటన యగుట ఒక యెత్తు, ప్రకటించిన దానిని నిలుపుట వేరొక యెత్తు. దేశమున గెజెటులో అచ్చై, నేలపై క్షీణించుచున్న రక్షిత ప్రదేశములు తక్కువ కావు. అవి యేల చెడుచున్నవి, చెడిన వానిలో కొన్ని ఎట్లు బాగుపడినవి అను విషయమును పరిశీలించుటకు దూరదేశముల పుస్తకములు వెదకనక్కరలేదు. పుదుచ్చేరి మొదలు యానాము వరకు, యానాము మొదలు కొల్లేటి వరకు మన తీరభూమి చరిత్రయే చాలును.

పట్టణమునకును పడమటి నీటికిని గల సంబంధము నేటిది కాదు. రాజనివాసమునకు ఎదుట, భారతి ఉద్యానవనము నడుమ, తెల్లగ నిలిచియున్న ఆయి మండపమును మనవారందరు చూచియే యుందురు. దాని కథలో మన రాయలే ఒక పాత్ర. శ్రీకృష్ణదేవరాయలు ఈ ప్రాంతమున సంచరించుచు, సందెవేళ దీపములతో వెలుగుచున్న ఒక మేడను చూచి, దేవాలయమని తలచి చేతులు జోడించెనట. అది ఆయి యను దేవదాసి యిల్లని చెంతనున్నవారు తెలుపగ, రాయలు కోపించి దానిని కూల్చుడని ఆజ్ఞాపించెనట. ఆమె గడువు వేడుకొని, తన యింటిని తానే కూల్చి, ఆ తావున ఊరివారి దప్పిక తీరుటకై కోనేరు త్రవ్వించెనట. ముత్తిరపాళయములోని ఆ నీటినే పందొమ్మిదవ శతాబ్దిలో, మూడవ నెపోలియను కాలమున, లమెరెస్ అను ఫ్రెంచి ఇంజనీరు పట్టణమునకు తెప్పించెను. ఆమె పేర మండపము వెలసెను.

కథలో నిజమెంతయో తేల్చుట చరిత్రకారుల పని. నాకు మాత్రము అందొక మెలిక ముచ్చట గొలుపును. రాజాజ్ఞను భటులు నెరవేర్చి యున్నచో మిగులునది రాళ్లకుప్ప. ఆ యింటి మనిషి తన చేతులతో నెరవేర్చుటచేత అది చెరువైనది. ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పుచు రాయలు దేశము చిన్నదైనను చెరువులు, కాలువలు కల్పించి పేదరైతునకు పన్ను తగ్గింపవలెనని ఉపదేశించెను; అడవులలో నుండు జనులను నమ్మకముచేత చేపట్టవలెనని కూడ అచ్చటనే చెప్పెను. ఈ రెండు మాటలను కలిపి చదివినచో రక్షిత ప్రదేశముల నిర్వహణకు కావలసిన సూత్రము చాలవరకు అందులోనే కలదు.

ఇక ఊసుడేరి సంగతి. దీనికి నీరు వానవలననేగాక శంకరాపరణి నదినుండి సుత్తుకేణి కాలువ ద్వారా వచ్చును. ఆ నదిపై ఎగువన, తమిళనాడు భూమిలో, వీడూరు ఆనకట్ట యున్నది. అనగా చెరువు కట్ట యొకరిది, కాలువ తల యొకచోట, ఆనకట్ట తలుపులు వేరొకరి చేతిలో. పూర్వము ఈ చిక్కు ఇంత లేకుండెను. ఫ్రెంచివారి యేలుబడిలో చెరువుల బాగోగులు చూచుటకు రైతుల సంఘములు ఉండెడివి. వానిని ‘కెస్ కొమ్యూన్’ అనియు, ‘సెందికా అగ్రికోల్’ అనియు పిలిచెడివారు. మొదటి మాటకు ఉమ్మడి ఖజానా యనియు, రెండవదానికి వ్యవసాయదారుల సంఘమనియు అర్థము. చుట్టునున్న మద్రాసు రాజధానిలో ఇట్టి ఆచారమునకు కుడిమరామత్తని పేరు. మన పల్లెలలో ఏ తూము ఎప్పుడు ఎత్తవలెనో నిర్ణయించి నీరు పంచెడి నీరుగంటిని పెద్దలు ఎరుగుదురు. కట్టపై ఎలుకబొరియ పడినను మొదట తెలిసెడిది అతనికే.

1954 నవంబరు 1న పుదుచ్చేరి పరిపాలన భారతదేశమునకు సంక్రమించెను. 1962లో విలీనము శాసనసమ్మతమైనది. పిమ్మట చెరువులు క్రమముగ ప్రభుత్వ శాఖల చేతికి వచ్చినవి. అదే కాలమున గొట్టపుబావులు ప్రబలినవి. బావిలో మోటారున్న రైతునకు చెరువుతో పని తగ్గెను. పని తగ్గినచోట పట్టింపు తగ్గును. పూడిక పేరుకొనెను, కాలువలు మూసుకొనిపోయెను. భూగర్భజలము అతిగ తోడుటచేత సముద్రపు ఉప్పు తీరగ్రామముల బావులలోనికి చొచ్చుకొని వచ్చెను. అప్పుడు చెరువుల విలువ మరల తెలిసివచ్చినది. 1999 నుండి ఐరోపా సమాజపు ధనసహాయముతో ఈ ప్రాంతమున 84 చెరువులను బాగుచేయు పథకము నడిచినది. ఆ పథకమున మెచ్చదగినది ధనము కాదు. ప్రతి చెరువునకును దానిని వాడుకొనువారి సంఘమును ముందు ఏర్పరచి, పిమ్మట పార చేపట్టిరి. అరువదియేండ్ల క్రింద కనుమరుగైన ఫ్రెంచి సంఘములకు ఇవి మనుమలని చెప్పవచ్చును.

ఊసుడేరికి శీతకాలమున పక్షులు వచ్చుట ఈ నీటి లెక్కతోనే ముడిపడియున్నది. అక్టోబరు మొదలు మార్చి వరకు ఉత్తరదిక్కునుండి బాతులు, నామంకోళ్లు, ఉల్లంకులు దిగును. గూడబాతులు, కొంగలు, నీటికాకులు చెరువునంటియుండును. వీనిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క లోతు కావలెను. గూడబాతునకు ఈదుటకు తగిన నీరుండవలెను. కొంగకు మోకాలిబంటి చాలును. ఉల్లంకికి నీరు తీసిన బురదయే అన్నపుపళ్లెము. కావున చెరువు ఎల్లకాలము నిండియుండుట పక్షులకు మేలు కాదు. త్వరగ ఎండుటయు మేలు కాదు. మెల్లమెల్లగ తగ్గవలెను. పంటకు నీరు వదలెడి చెరువు సరిగ అట్లే తగ్గును. వందలయేండ్లుగా రైతు తన వరికై చేసినపని పక్షికిని సరిపోయినది. ఇది యెవ్వరును పథకము వేసి చేసినది కాదు.

2008 ప్రకటన తరువాత వేటపై కట్టుదిట్టము పెరిగినమాట నిజము. అంతకుముందు వలలతోను తుపాకులతోను బాతులను పట్టి సంతలో అమ్ముట ఇచ్చట సామాన్యముగ నుండెడిది. అది తగ్గుట గొప్పమేలు. కాని తక్కిన చిక్కులు అట్లే యున్నవి. చెరువులో చేపలు పట్టి బ్రదుకు కుటుంబములు తమ హక్కు ఏమగునని అడుగుచున్నవి. లొట్టపీచు ఒడ్డులను కప్పుచున్నది. చుట్టును కళాశాలలు, కర్మాగారములు, ఇండ్లస్థలములు పెరిగినవి. విహారపు పడవలు నడుచుచున్నవి. పట్టణపు బావులలో ఉప్పు హెచ్చుటచేత ఊసుడేరి నీటినే త్రాగునీటికి తేవలెనను ప్రతిపాదన పలుమారు తలయెత్తినది. వీనిలో ఏ యొక్కటియు అన్యాయమైన కోరిక కాదు. త్రాగునీరు కోరువాడు పక్షికి శత్రువు కాడు. ఐనను అన్నియు ఒక్క చెరువుపైననే వాలినచో చెరువు మిగులదు. అటవీశాఖ కావలివాడు కట్టపై నిలిచి ఎవరిని ఆపగలడు?

ఈ ప్రశ్నకు సమాధానము ఇచ్చటికి ఉత్తరమున, చెన్నపట్టణమునకు పోవు త్రోవలో, మదురాంతకమునకు సమీపమున కలదు. వేడంతాంగల్ అను ఆ ఊరి పేరునకు వేటగాని విడిది యని అర్థము. ఊరి చెరువు చిన్నది, ముప్పది హెక్టార్లు దాటదు. నీట నిలిచిన చెట్లపై వేలకొలది కొంగలు, నీటికాకులు గూళ్లు కట్టును. పక్షుల రెట్ట నీటిలో కలియును. ఆ నీరు పొలములకు పారును. ఎరువు కొనకయే పైరు పచ్చగ నుండును. ఈ సంగతి ఊరివారికి తరతరములుగ తెలియును. పదునెనిమిదవ శతాబ్ది చివర తెల్లసిపాయిలు సరదాకై ఆ పక్షులను కాల్చుట మొదలిడిరి. ఊరివారు చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేసు కడకు పోయి మొరపెట్టుకొనిరి. 1798లో అతడు, చెరువుపై పక్షులను ఎవ్వరును చంపరాదని వారికి ఒక కౌలు వ్రాసి యిచ్చెను.

కౌలను మాటను మనము పొలమునకే వాడుదుము. ఇరువురి నడుమ వ్రాతమూలకమైన మాట యని దాని అర్థము. ప్లేసు ఇచ్చినది ఉత్తరువు కాదు, అభయపత్రము. అడిగినవారు రైతులు, ఇచ్చినది సర్కారు. 1858లో నాటి కలెక్టరు దానిని తిరిగి ధ్రువపరచెను. 1936లో ప్రభుత్వము చెరువును రక్షిత ప్రదేశముగ గుర్తించునాటికే ఊరివారు దానిని కాపాడుచు నూరేండ్లు దాటెను. 2022లో ఇది రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల తడినేలల పట్టికలో చేరినది. (ఈ ప్లేసుదొరయే మదురాంతకము చెరువుకట్టను మరమ్మతు చేయించి, గాలివానరాత్రి కట్టపై రామలక్ష్మణులు విల్లంబులతో కావలికాయుట చూచెనని ఐతిహ్యము. అచ్చటి దేవునకు నేటికిని ‘చెరువు కాచిన రాముడ’ను పేరే. దొరలలో చెరువు విలువ తెలిసినవారు కొద్దిమంది. ఈయన వారిలో నొకడు.)

వేడంతాంగల్‌కు నేడు చిక్కులు లేవని కాదు. 1998లో చెరువు చుట్టును ఐదు కిలోమీటర్ల వలయమును రక్షిత ప్రదేశమున చేర్చిరి. 2020లో ఆ వలయమును తగ్గింపజూడగ ప్రజలనుండి గట్టి వ్యతిరేకత యెదురైనది. వ్యతిరేకించువారు ఉన్నారనుటయే ఆ చెరువు బలము. తనకొరకు మాటాడువారు లేని రక్షిత ప్రదేశములు సద్దుచేయకయే చిన్నవగుచుండును.

ఆ బలము లేనిచోట ఏమగునో కొల్లేరు చెప్పును. కృష్ణా గోదావరుల నడుమనున్న ఆ సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి నీరు తెచ్చును. సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరొక్కటియే. కొల్లేటి వడ్డివారు, చేపలవారు వరదకు ఓర్చి, బెట్టకు ఓర్చి, లంకలపై బ్రదికినవారు. అచ్చటికి చేరువనే, కొలమూరు వద్ద ఆరేడు గ్రామమున వేలకొలది గూడబాతులు గూళ్లు కట్టెడివి. దానిని వర్ణించుచు కె.కె. నీలకంఠన్ 1949లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో వ్యాసము ప్రకటించిరి. 1970ల నడిమికి ఆ గూళ్లు పూర్తిగ మాసిపోయినవి. సరిగ ఆ దశకముననే, లంకవాసుల బీదతనమును తీర్చవలెనను మంచి తలంపుతో ప్రభుత్వము సహకార సంఘములకు చేపలచెరువులు త్రవ్వించి యిచ్చినది. చేపకు ధర పలికినది. ధర పలికినచోటికి డబ్బున్నవారు వచ్చిరి. సంఘముల పేరు మిగిలినది, చెరువులు లీజులపై పరుల పాలైనవి. సరస్సు కట్టలతో గళ్లగళ్లగ చీలిపోయినది.

1999 అక్టోబరులో సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తురేఖ లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగ ప్రకటించిరి. (నీటికి అరణ్యమను పేరు చట్టము పెట్టినది, మనము కాదు.) ఆ గీతలోపల వేలకొలది ఎకరముల జిరాయితీ భూమియు, పెక్కు ఊళ్లును ఉన్నవి. 2002లో రామ్‌సార్ పట్టికలో చేరినది. 2005, 2006 సంవత్సరములలో, సుప్రీంకోర్టు ఆదేశముతో, యంత్రములు పెట్టి చేపలచెరువుల కట్టలను తెగగొట్టిరి. ఆ పని సాహసమైనది, అవసరమైనదే యని నా అభిప్రాయము. కాని కట్టలు తెగినమరునాడు లంకవాసి యేమి తినవలెనన్నదానికి సిద్ధమైన సమాధానము లేకపోయెను. పరిహారము, ప్రత్యామ్నాయ జీవనము అను మాటలు కాగితములపై వెనుకబడినవి. కొన్నియేండ్లకే పెక్కుచోట్ల చెరువులు మరల లేచినవి. 2008లో శాసనసభ ఎత్తురేఖను ఐదునుండి మూడడుగులకు తగ్గింపుడని తీర్మానించెను. కేంద్రము పంపిన అజీజు సంఘము తగ్గింపరాదని నివేదించెను. తగవు తీరలేదు. నడుమ ఆటపాకవద్ద గూడబాతులు మరల గూళ్లు కట్టుట యొక్కటే ఊరట. చెట్లు చాలక, ఇనుపచట్రములు నిలిపి వానికి చోటు కల్పించిరి.

కొల్లేటి కథలో ఒక లోపము పరిపాలన తెలిసినవారికి వెంటనే కనబడును. చట్టప్రకారము ఒక ప్రదేశమును రక్షితమని సంకల్పించిన పిమ్మట కలెక్టరు అచ్చటివారి హక్కులను విచారించి, దేనిని ఉంచవలెనో దేనికి పరిహారమీయవలెనో తేల్చవలెను. ఇది దేశమున పెక్కుచోట్ల దశాబ్దములు పెండింగులోనే యుండిపోయినది. 1997లో సుప్రీంకోర్టు ఒక యేడాదిలో ముగింపుడని రాష్ట్రములను ఆదేశింపవలసి వచ్చెను. ఫైలు ఎట్లు కదలునో, ఎట్లు కదలదో మన సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. విచారణ తేలనిచోట రెండు నష్టములు. నిజమైన హక్కుగల బీదవాడు దొంగవలె చెరువులో దిగును. హక్కులేని బలవంతుడు వాని వెనుక దాగికొని తనపని సాగించుకొనును.

ఇందుకు విరుద్ధముగ, గెజెటు ముఖము చూడకయే బాగున్న పల్లెలు మనకు కలవు. శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురమున కొంగలు, గూడబాతులు ఊరినడుమ చింతలపై గూళ్లు కట్టును. వానిరాక శుభమని ఊరివారి నమ్మకము. అనంతపుర ప్రాంతమున చిలమత్తూరు చెంతనున్న వీరాపురము కూడ అట్టిదే. కర్ణాటకములో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరువారు తమ చింతచెట్లను పక్షులకు వదలుదురు. 1970లలో ఆ రాష్ట్రపు అటవీశాఖ ఒక చక్కని పని చేసెను. పక్షులున్న చెట్టునుండి చింతపండు దిగుబడి తగ్గును గనుక చెట్టు సొంతదారునకు ఏటేట కొంత సొమ్ము చెల్లించుట మొదలిడెను. కావలివానిని పెట్టుటకంటె ఇది చవుక. 2002లో చట్టమును సవరించి, ‘సమాజ రక్షిత ప్రదేశము’ అను క్రొత్త తరగతిని చేర్చిరి. ఊరివారే తమ భూమిని తామే నిర్వహించుట అందులోని ముఖ్యాంశము. కొక్కరె బెళ్లూరు 2007లో ఆ తరగతిలో చేరినది.

సూళ్లూరుపేట చెంతనున్న నేలపట్టును 1976లో సంరక్షణ కేంద్రముగ ప్రకటించిరి. నీట మునిగినను చావని కడపచెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. కొల్లేటివద్ద చెదరిన ఆ జాతికి ఇది మన దేశమునందలి ప్రధానాశ్రయములలో నొకటైనది. చిన్న చెరువు, చుట్టును ఊళ్లు, చెట్లు నాటి పెంచిన శ్రద్ధ, పొలమునకు చేరెడి సత్తువ అన్నియు కలిసివచ్చినవి. కాని నేలపట్టు పక్షి తినుటకు పులికాటునకు పోవును. పులికాటు రెండు రాష్ట్రములకు ఉమ్మడి. సముద్రపు ముఖద్వారము ఇసుకతో పూడినచో నీటిలో ఉప్పు లెక్క తప్పును, చేప తగ్గును. నేలపట్టులో కావలి ఎంత బాగున్నను గూటిలోని పిల్ల ఆకలితో నుండును. రోళ్లపాడులో జరిగినదియు ఇట్టిదే. బట్టమేక పిట్టకై 1988లో ప్రకటించిన ఆ గడ్డిమైదానము 614 హెక్టార్లు మాత్రమే. కంచెలోపల గడ్డి పెరిగెను. కంచెకు వెలుపల కాలువలు వచ్చి బీళ్లు పైరులైనవి. కృష్ణజింకలు పెరిగి పైరులు మేయగ, రైతులకు ఆ కేంద్రమన్ననే కోపము వచ్చెను. బట్టమేక పిట్ట మాయమైనది.

ఇంతవరకు ఊరివారిని కలుపుకొనుట గురించి వ్రాసితిని. అది మాత్రమే చాలునని చెప్పినచో సగము చెప్పినట్లే. రోగమేదియో తెలియవలెను. పుదుచ్చేరికి దక్షిణమున, చిదంబరము చెంతనున్న పిచ్చావరపు మడ అడవుల కథ ఇందుకు నిదర్శనము. ఆ అడవి నడుమ విశాలమైన మోడునేలలు ఏర్పడినవి. గొడ్లను తోలి, కట్టెలు కొట్టి ఊరివారే పాడుచేసిరని చాలకాలము అందరును నమ్మిరి. చెన్నైలోని స్వామినాథన్ పరిశోధన సంస్థవారు 1990లలో నేలను కొలిచి చూడగ వేరొక సంగతి తేలినది. బ్రిటిషువారి కాలమునుండి 1970ల వరకు అటవీశాఖయే కూపులుగ విభజించి చెట్లను బారుగ నరికించెను. నీడ పోయిన బురదనేల ఎండకు ఆరి క్రుంగి తొట్టివలె పల్లమైనది. పోటునీరు అందులో దిగి వెనుకకు పోలేక నిలిచి ఆవిరియగుచు, ఉప్పు పేరుకొనెను. ఆ ఉప్పులో విత్తనము మొలవదు. ఎన్ని మొక్కలు నాటినను, ఎందరు కావలివారిని పెట్టినను ప్రయోజనము లేదు.

రోగము తెలిసిన పిమ్మట మందు సులభమైనది. పెద్ద కాలువ యొకటి, దానికి ఇరుప్రక్కల ఏటవాలుగ పిల్లకాలువలు, చేపముల్లు ఆకారమున త్రవ్విరి. పోటునీరు వచ్చి కడిగి పోయెను, ఉప్పు తగ్గెను, నాటిన మొక్కలు నిలిచెను. త్రవ్వినవారు, నాటినవారు, కాచినవారు ఆ ఊళ్లవారే. నిన్నటివరకు దోషులనిపించుకొన్నవారు వైద్యులైరి. ఇదే పద్ధతిని గోదావరి ముఖమున కోరింగ ప్రాంతపు మడ అడవులలో వన సంరక్షణ సమితుల ద్వారా ఆచరించిరి. 1978లో ప్రకటితమైన కోరింగ అభయారణ్యము 235 చదరపు కిలోమీటర్లు. మన పుదుచ్చేరి ప్రభుత్వపు తెలుగు తునక యానాము దాని పొరుగుననే యున్నది. యానామునుండి బదిలీపై వచ్చిన మిత్రులు ఆ మడచెట్ల నడుమ పడవపై పోవునపుడు ఆ చేపముల్లు కాలువలను చూచి యుండవచ్చును. వానికి కొన్నియేండ్లకొకసారి పూడిక తీయవలెను. తీయుట మానినచో ఉప్పు తిరిగి వచ్చును.

ఇప్పుడు ఊసుడేరికి ఇవి యెట్లు అన్వయించునో చూతము. మొదటిది నీటి లెక్క. ఫిబ్రవరిలో ఎంత, ఏప్రిలులో ఎంత నీరు చెరువులో మిగులవలెనో పక్షుల అవసరమునుబట్టియు, ఆయకట్టునుబట్టియు ముందే నిర్ణయించి, పట్టణపు త్రాగునీటికి ఆ పైనున్నదే ఇయ్యవలెను. దీనికి పుదుచ్చేరి యొక్కటే సంతకము చేసిన చాలదు. వీడూరు తలుపులు, సుత్తుకేణి కాలువ, చెరువులో సగము ఆవలివారివి గనుక, రెండు ప్రభుత్వములును ఒక్క పత్రముపై చేవ్రాలు చేయవలెను. రెండు ప్రకటనలు, రెండు అటవీశాఖలు, రెండు పథకములు ఉన్నంతకాలము వేటగాడు గీత దాటిన చాలును, తప్పించుకొనును. పక్షికి ఆ సౌకర్యము లేదు.

రెండవది చేపలవారి సంగతి. వారి పేరులు వ్రాసికొని, ఏ నెలలలో ఏ వలతో ఏ వైపున పట్టవచ్చునో తేల్చి, చేతికి పత్రమీయవలెను. తెల్లవారుజామున చెరువుపై నుండునది వారే. రాత్రి ఉచ్చులు పెట్టువానిని మొదట చూచునదియు వారే. హక్కు వ్రాతలో నున్నవాడు కావలివాడగును. లేనివాడు కన్ను మూసికొనును. పడవవిహారమును ఒకవైపునకు పరిమితముచేసి, దాని రాబడిలో కొంత లొట్టపీచు తీయించుటకు, తుమ్మచెట్ల దిబ్బలను నిలుపుటకు కేటాయించినచో ఎవ్వరికిని కష్టముండదు.

మూడవది లెక్కింపు. ఏటేట జనవరిలో ఆసియా ఖండమంతటను నీటిపక్షుల గణన జరుగును. స్వచ్ఛందముగ వచ్చినవారే లెక్కింతురు. 1987 నుండి ఇది నడుచుచున్నది. పది యేండ్ల లెక్క చేతనుండినచో, ఏ యేట నీరు ఎంత యున్నప్పుడు ఏ పక్షి తగ్గెనో తెలియును. పిచ్చావరమునవలె తప్పు ఒకరిపై త్రోయకుండ రోగమును పట్టవచ్చును. మన సంఘమున లెక్కలశాఖవారు పెక్కుమంది కలరు. జనవరి ఆదివారమున పిల్లలతో పోయి కట్టపై నిలిచి బాతులను లెక్కించుట వారికి పరాయిపని కాదు. ఉదయము ఆరింటికి చేరవలెను. ఎండ యెక్కినచో నీటిమీది తళుకులో బాతు, నామంకోడి ఒక్కటే నలుపుగ కానవచ్చును.